తనకు మాలిన ధర్మం – ఒక స్పేరు ట్యూబు

మన పత్రికకు ఏదైనా తాత్త్విక విషయం మీద రాయమని సంపాదకులు గారు అడిగి మూడు నెలలైంది. ద్వైతాద్వైతాల మీద రాసే అర్హత నాకు లేదు. అలాంటివి రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. వారు రాస్తే చదువుకుంటాను. నేను చేసేది వైద్యం, ఆదివారాలు తొక్కేది సైకిలు. ఈ రెండింటి మధ్య కిందటి ఏడాది ఒక చిన్న సంఘటన జరిగింది. సంఘటన చిన్నదే గాని, అది తెచ్చిపెట్టిన ప్రశ్న చిన్నది కాదని ఇప్పటికీ అనిపిస్తున్నది. అందుకని రాస్తున్నాను.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని మనకొక సామెత ఉంది. మా నాయనమ్మ రోజుకు రెండుసార్లయినా ఈ మాట అనేది. చిత్రమేమంటే, అంటూనే వాకిట్లోకి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టేది. తనకు లేకుండా చేసుకుని పరులకిచ్చే ధర్మం వల్ల అసలుకే ఎసరు వస్తుందని సామెత భావం. బాగానే ఉంది. కాని ఏది తనకు మాలినదో, ఏది కాదో కొలిచేదెవరు? ఇచ్చేవాడే కొలుచుకోవాలి. ఇవ్వడం ఇష్టం లేనివాడి చేతిలో పడితే ఆ కొలబద్ద ఏమవుతుంది? ఇదీ ప్రశ్న.

ముందు సైకిలు సంగతి చెప్పాలి.

నేను పెరిగింది తెనాలిలో. మా వీధి మలుపులో ఒక సైకిలు షాపు ఉండేది. షాపంటే పెద్దగా ఏమీ లేదు. ఒక తాటాకు పందిరి, ఒక చెక్కపెట్టె, ఒక బేసినులో మురికి నీళ్ళు, కాళ్ళతో తొక్కిపట్టి గాలి కొట్టే పొడుగాటి పంపు, అద్దెకిచ్చే సైకిళ్ళు ఓ అరడజను. మేము సైకిలు మీద ఎంత దూరం పోయినా ఏ సామానూ వెంట తీసుకుపోయేవాళ్ళం కాదు. స్పేరు ట్యూబు అనే వస్తువొకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. పంక్చరు పడితే దిగి నడిపించుకుంటూ పోతే, కాసేపట్లో ఇంకో చెట్టు కింద ఇంకో బేసిను కనిపించేది.

ఆ షాపాయనను మేమందరం బాబాయ్ అనేవాళ్ళం. ఒకసారి నిన్న వేసిన ప్యాచీ ఇవాళే ఊడిందని ఆయన మీదికి దెబ్బలాటకు పోయాను.

"ట్యూబు మీద ఏడుస్తావేంరా అబ్బాయ్! టైరులో ముల్లుందేమో చూసుకున్నావా? ముల్లు లోపల పెట్టుకుని నూరు ప్యాచీలు వేయించుకున్నా అంతే సంగతి" అన్నాడు.

అని, టైరు లోపలి పక్క వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. ఒకచోట ఆగి, పట్టకారుతో సన్నటి తుమ్మముల్లు లాగి నా అరచేతిలో పెట్టాడు. "కొత్త ట్యూబు వేసేముందు పాత కారణం వెదకాలి" అన్న సూత్రాన్ని తరువాత మెడికల్ కాలేజీలో ఎంతోమంది ప్రొఫెసర్లు ఎన్నో విధాలుగా చెప్పారు. నాకు మాత్రం బాబాయ్ చెప్పినట్టే గుర్తుండిపోయింది.

ఇప్పుడు ఆలోచిస్తే, మాకు స్పేరు లేకపోలేదు. ఊరంతటికీ కలిపి ఒక స్పేరు ఉండేది. అది బాబాయ్ పెట్టెలో ఉండేది. ఎవరి స్పేరు వాళ్ళు మోసుకోవలసిన అవసరం లేకుండా, ఒకడు పొద్దస్తమానం చెట్టు కింద కూర్చుని అందరి తరఫునా మోసేవాడు. దానికి మేమిచ్చిన డబ్బులు ఎంత తక్కువో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అంచేత పాత రోజులు బంగారమనీ, అందరం కలిసిమెలిసి ఉండేవాళ్ళమనీ నేను చెప్పబోవడం లేదు. ఆ ఏర్పాటు సగం ఆయన పేదరికం మీద నిలబడింది.

ఇక్కడి సంగతి వేరు. మేముండేది ఒహైయో రాష్ట్రంలో, సిన్సినాటికి ఉత్తరాన. లిటిల్ మయామీ నది పక్కన పాత రైలు కట్ట మీద వేసిన సైకిలు బాట ఉంది. సిన్సినాటి వైపు నుంచి లవ్‌లాండ్, మోరో, జీనియా, యెల్లో స్ప్రింగ్స్ మీదుగా స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా 70 మైళ్ళ పైచిలుకు పోతుంది. సైకిలుకు ఇది పుణ్యభూమే. దగ్గర్లోని డేటన్‌లో రైట్ సోదరులు 1892లో సైకిలు షాపు పెట్టారు; 1903లో ఎగిరిన విమానానికి ఖర్చు ఆ షాపు ఆదాయంలోంచే వచ్చింది. అయితే ఇప్పుడా బాట మీద పోతుంటే, కొన్నిచోట్ల మైళ్ళ తరబడి చెట్లూ నదీ తప్ప మరేమీ ఉండవు. చెట్లున్నాయి గాని, కింద బేసిను పెట్టుకుని కూర్చున్న బాబాయ్ లేడు. అందుకని ఇక్కడ ఎవరి షాపు వాళ్ళే మోసుకుపోవాలి. సీటు కింద చిన్న సంచి, అందులో ఒక ట్యూబు, రెండు ప్లాస్టిక్ లీవర్లు, ఓ అగ్గిపెట్టె అంత ప్యాచీల డబ్బా. ఫ్రేముకు తగిలించిన చిన్న పంపు. నేనూ ఇవన్నీ కొన్నాను. కొని, ఇక నాకు భయం లేదనుకున్నాను.

వస్తువు ఉండటం వేరు, అది వాడటం చేతనవడం వేరు అని తెలిసింది కిందటి ఏడాది ఏప్రిల్‌లో. కొత్త టైర్లు వేయించుకున్న మూడో వారం, జీనియాకు ఇవతల వెనక చక్రానికి పంక్చరు పడింది. దిగాను. ట్యూబు తీశాను, బాబాయ్ మాట గుర్తుంది గనుక లోపల వేలు తిప్పి గాజుపెంకు తీశాను. కొత్త ట్యూబు పెట్టాను. టైరు ఎక్కించబోతే ముప్పాతిక వంతు సుఖంగా ఎక్కింది. మిగిలిన ఓ జానెడు మాత్రం ససేమిరా అన్నది. బొటనవేళ్ళు కందిపోయాయి. లీవరుతో బలవంతం చేస్తే ఒక లీవరు విరిగింది. ఎండలో అరగంట కూర్చున్నాను. ఆసుపత్రిలో నా కింద పనిచేసే కుర్ర డాక్టర్లు నన్నా స్థితిలో చూడలేదు గనుక బతికిపోయాను.

ఈ బిగుతు ఎందుకుంటుందో చెబితే తరువాతి మాట అర్థమవుతుంది. డన్‌లప్ 1888లో గాలి టైరు చేసినప్పుడు దాన్ని చక్రానికి అంటించేసేవారు. పంక్చరు పడితే ఊడదీసి మళ్ళీ అతికించడానికి గంటలు పట్టేది. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో ఊడదీయగలిగే టైరు తెచ్చారు. ఆ ఏడే పారిస్ నుంచి బ్రెస్ట్‌కు పోయి తిరిగివచ్చే పందెంలో షార్ల్ టెరాన్ దాని మీద గెలిచాడు. దారిలో మనిషి తన పంక్చరు తానే బాగుచేసుకోగలగడం అక్కడినుంచే సులువైంది. ఇప్పటి టైరు అంచుల లోపల ఉక్కు తీగ గాని, కెవ్లార్ తాడు గాని ఉంటుంది. అది సాగదు. సాగితే గాలి ఒత్తిడికి టైరు రిమ్ము మీదినుంచి ఎగిరిపోతుంది. అంచేత బిగుతు దోషం కాదు, మన ప్రాణాన్ని కాపాడే గుణమే. ఈమధ్య ట్యూబు లేకుండా నడిచే రకాలు వచ్చాక ఆ బిగుతు ఇంకా పెరిగింది. మరి సాగని తీగ రిమ్ము గోడ దాటి ఎలా ఎక్కాలి? అందుకే రిమ్ము మధ్యలో ఒక గాడి ఉంటుంది. గాడి దగ్గర చుట్టుకొలత తక్కువ. ఎక్కించిన భాగాన్నంతా ఆ గాడిలోకి దించితే, అక్కడ మిగిలిన కాస్త వదులు ఇవతలికి వస్తుంది. మొత్తం పొడవు మారదు, వదులు చోటు మారుతుంది. అంతే.

ఇది నాకు ఆ రోజు తెలియదు. ఒక డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి ఆగి చెప్పాడు. "బలం ఉన్నచోట పెట్టకు, ఎదురుగా పెట్టు" అన్నాడు. వాల్వుకు ఎదురువైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలట. ట్యూబులో ఒక్క ఊపిరి గాలి నింపి, రెండు చేతులతో టైరును రెండు అంచులూ గాడిలో పడేలా నొక్కుతూ, పిండి పిసికినట్టు చుట్టూ తెచ్చి, మిగిలిన జానెడును అరచేతి మడమతో తోశాడు. ఎక్కింది. తరువాత వాల్వును ఒకసారి పైకి నొక్కి, ట్యూబు ఎక్కడా అంచు కింద నలగలేదని చుట్టూ చూసి, అప్పుడు గాలి కొట్టనిచ్చాడు. నా విరిగిన లీవరు చూసి, తన లీవర్లలో ఒకటి నా చేతిలో పెట్టాడు. పేరు అడిగే లోపల వెళ్ళిపోయాడు.

ఆయనకు నేను బాకీ పడ్డాను. ఈ బాకీ తిరిగి ఆయనకే తీర్చే మార్గం లేదు. మన శాస్త్రాల్లో పితృఋణమని ఒకటుంది గదా. దాన్ని తండ్రికి తిరిగి చెల్లించి తీర్చుకోరు, బిడ్డల్ని కని పెంచి తీర్చుకుంటారు. వెనక తీసుకున్నది ముందుకు చెల్లించాలి. దారిలో పడ్డ బాకీ కూడా ఈ జాతిదేనని ఆ సాయంత్రం మా ఆవిడతో గంభీరంగా ఉపన్యసించాను. ఆరు నెలల్లో పరీక్ష వచ్చింది.

అక్టోబరు ఆదివారం. జీనియా దాకా పోయి తిరిగి వస్తున్నాను. సాయంత్రం నాలుగున్నర. రాత్రి ఏడింటికి నా డ్యూటీ. ఫోర్ట్ ఏన్షియంట్ దగ్గర ఐ-71 హైవే వంతెన బాటకు చాలా ఎత్తున, నదిని దాటుతూ పోతుంది. కిందినుంచి చూస్తే లారీలు బొమ్మల్లా ఉంటాయి. ఆ వంతెన దాటగానే ఒకామె సైకిలు నడిపించుకుంటూ ఎదురైంది. అరవై దాటి ఉంటాయి. పాత సైకిలు, వెనక టైరులో బొత్తిగా గాలి లేదు. వేగం తగ్గించి, అంతా క్షేమమేనా అన్నాను. పంక్చరండీ, ఫోను కూడా చచ్చిపోయింది అని నవ్వింది. ఆమె చక్రం చూశాను. ఇరవై ఆరంగుళాల చక్రం. రిమ్ము కొలత 559 మిల్లీమీటర్లు. నాది 622. "నా దగ్గర ఉన్న ట్యూబు మీ చక్రానికి సరిపోదండీ, క్షమించండి" అన్నాను. ఫరవాలేదు, మోరో దగ్గరే గదా, నడుస్తాను అన్నది. ఇద్దరం ధన్యవాదాలు చెప్పుకున్నాం. నేను తొక్కుకుంటూ వచ్చేశాను. అక్కడినుంచి మోరో నాలుగైదు మైళ్ళు.

రెండు మైళ్ళు వచ్చాక ప్యాచీల డబ్బా గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని రాయడం కూడా పూర్తి నిజం కాదేమో. ఆమె చక్రం కొలత చూస్తున్నప్పుడే ఆ డబ్బా నా మనసులో ఎక్కడో ఉంది. ట్యూబుకు కొలత ఉంటుంది. ప్యాచీకి కొలత లేదు. గరుకు కాయితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, తడి ఆరేదాకా ఆగి అంటిస్తే ఏ ట్యూబుకైనా అంటుతుంది. ఆరు ప్యాచీలున్నాయి. మహా అయితే ఇరవై నిమిషాల పని. వెనక్కి తిరగలేదు. తిరిగినా ఈపాటికి ఎవరో ఒకరు సాయం చేసే ఉంటారు అనుకున్నాను. ఏడుకు పది నిమిషాల ముందే డ్యూటీలో ఉన్నాను.

మా ఆవిడకు మర్నాడు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ విని, "మీరు అబద్ధం చెప్పలేదు లెండి" అన్నది. కాసేపాగి, "నిజంలోంచి మీకు కావలసినంత ముక్క కోసుకున్నారు" అన్నది.

ఆ మాట నన్ను వదల్లేదు. ట్యూబు సరిపోదన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. కాని నేను ఆగకపోవడానికి కారణం అది కాదు. నిజమైన సంగతి ఒకటి, అసలు కారణం ఇంకొకటి. మా వృత్తిలో ఇది నిత్యం జరుగుతుంది. ఎవరో వరండాలో ఆపి ఏదో అడుగుతారు. "ఇది మా విభాగం కాదండీ" అంటాం. నిజమే, కాదు. కాని ఏ విభాగానికి పోవాలో చెప్పడానికి, ఆ తలుపు దాకా నడవడానికి, ఒక్క నిమిషం కూర్చోబెట్టి వినడానికి ఏ విభాగమూ అక్కర్లేదు. ఆ పనులు ప్యాచీల్లాంటివి. మా దగ్గర ప్యాచీలు లేవా అని ఎవరూ అడగరు, ఎందుకంటే కొలత సరిపోదన్న మాట అంత శాస్త్రీయంగా ఉంటుంది.

ఇక సామెత దగ్గరికి వస్తాను. నాలోని వకీలు లేచి ఇలా వాదించాడు: నీకు డ్యూటీ ఉంది. నీ ఒక్క స్పేరు ఇచ్చేసి, నీకే పంక్చరు పడి, వేళకు రాకపోతే నష్టపోయేది నువ్వు కాదు, నీ కోసం మంచాల మీద ఎదురుచూసే రోగులు, నీ రాకకై చూసే తోటి డాక్టరు. తనకు మాలిన ధర్మం వద్దని పెద్దలు ఊరికే అన్నారా?

ఈ వాదం తేలికైనది కాదు. దీని మీద యూదుల తాల్ముద్‌లో ఒక ప్రసిద్ధమైన చర్చ ఉంది. ఇద్దరు మనుషులు ఎడారిలో పోతున్నారు. ఒకడి దగ్గర మాత్రం ఒక కూజా నీళ్ళున్నాయి. ఇద్దరూ తాగితే ఇద్దరూ పోతారు. ఒక్కడే తాగితే ఊరు చేరతాడు. బెన్ పెటురా అనే పండితుడు ఇద్దరూ తాగి చావడమే మేలు, ఒకడు రెండోవాడి చావు కళ్ళారా చూడకూడదు అన్నాడు. రబ్బీ అకీవా మాత్రం నీ ప్రాణానికే ముందు చోటు అన్నాడు. మన సామెతను అకీవా ఒప్పుకునేవాడే. మనకు మరో వైపున రంతిదేవుడున్నాడు. భాగవతం నవమ స్కంధంలో, 48 రోజులు అన్నపానాలు లేకుండా ఉండి, దొరికిన అన్నమూ చివరికి గుక్కెడు నీళ్ళూ కూడా వచ్చినవారందరికీ ఇచ్చేసినవాడు. మనవాళ్ళు వింటున్నప్పుడు రంతిదేవుడికి చేతులు జోడిస్తారు, ఇంటికొచ్చాక సామెత చెబుతారు. నేను మాత్రం భిన్నమా?

చాలాకాలం ఈ ఇద్దరిలో ఎవరు సరి అని ఆలోచించాను. తరువాత తట్టింది, నేనడగవలసిన ప్రశ్న అది కాదని. అకీవా మాట ఎడారికి చెప్పినది. కూజా ఒకటే, ఊరు దూరం, ప్రాణాలు రెండు. లిటిల్ మయామీ బాట ఎడారి కాదు. ఆమె అడిగింది నా కూజా కాదు. అసలామె ఏమీ అడగలేదు. నా ట్యూబు నా సంచిలోనే ఉండగా, ఆరు ప్యాచీల్లో ఒకటి ఇస్తే నాకు మాలేదేమిటి? కష్టకాలం కోసం పెద్దలు కట్టిన నియమాన్ని సుఖకాలంలో వాడుకోవడం, ఇదీ నేను చేసిన పని. ఎడారిలో చెల్లే హక్కును నీడపట్టున చెల్లించుకున్నాను. మన పిసినితనాలన్నీ సాధారణంగా ఇంతే. మనం ఎప్పుడూ ఎడారిలోనే ఉన్నామనుకుంటాం.

ఇందుకు విరుగుడుగా, ఎవరి బాధ్యత వారిదే అన్న సిద్ధాంతమొకటి ఈ దేశంలో బాగా వినిపిస్తుంది. పంపు లేకుండా, ఫోను నింపుకోకుండా బయలుదేరడం ఆమె తప్పు గదా అనవచ్చు. ఆ సిద్ధాంతం చివరికంటా పోతే ఎలా ఉంటుందో 1913 టూర్ ద ఫ్రాన్స్ పందెంలో లోకం చూసింది. టూర్మలే కొండ దిగువలో యూజీన్ క్రిస్టోఫ్ సైకిలు ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సాయమూ తీసుకోరాదని నియమం. ఆయన సైకిలు భుజాన వేసుకుని మైళ్ళు నడిచి, సెంట్ మరీ ద కంపాన్ అనే ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తన చేతులతోనే ఫోర్కు అతుక్కున్నాడు. అధికారులు పక్కనే నిలబడి కాపలా కాశారు. చేతులు రెండే ఉన్నందున కొలిమి తిత్తి మాత్రం ఒక పిల్లవాడు ఊదాడు. అందుకు శిక్షగా ఆయనకు కాలం కలిపారు! నియమం ప్రకారం అధికారులు చేసింది తప్పు కాదు. కాని నూరేళ్ళు దాటినా ఆ అధికారుల పక్షాన మాట్లాడేవాడు ఎవరికీ తగల్లేదు. ఆ తిత్తి ఊదిన పిల్లవాడే అందరికీ గుర్తున్నాడు.

దీనికి ఎదురుగా ఇంకో యాత్ర ఉంది. 1897 జూన్ 14న మొంటానాలోని ఫోర్ట్ మిజూలా నుంచి 25వ పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు సైకిళ్ళ మీద బయలుదేరారు. నాయకుడు లెఫ్టినెంట్ జేమ్స్ మాస్. వెంట ఒక సైనిక వైద్యుడు కూడా ఉన్నాడు. అందుకే నాకీ కథ మీద అభిమానం. బురదలో, మంచులో, నెబ్రాస్కా ఇసుకలో, రైలు కట్టల మీద దాదాపు 1,900 మైళ్ళు పోయి జులై 24న సెంట్ లూయిస్ చేరారు. 41 రోజులు. గుడారాలూ వంటసామానూ విడి భాగాలూ అందరూ పంచుకుని మోశారు. ఒకడి సైకిలు విరిగితే దాని మందు ఇంకొకడి సంచిలో ఉండవచ్చు. అంత బరువుతో అంత దూరం ఎవరి షాపు వాళ్ళు మోసుకోవడం అసాధ్యం. ఆ మనుషులు మోసినంత బరువు మోసిన దేశం వారిని సమానంగా చూసిందా అంటే, లేదు. అది వేరే వ్యాసం. నేను చెప్పేదల్లా, స్పేరు అనేదాన్ని రెండు విధాలుగా మోయవచ్చునని. నాకోసం మోయవచ్చు, మనకోసం మోయవచ్చు. బరువు ఒకటే.

ఇక్కడ "మన" అన్న మాట దగ్గర ఆగాలి. మన సంఘం సంగతి మీకు తెలుసు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడు అర్ధరాత్రి విమానం దిగితే తెచ్చేవాళ్ళున్నారు. ఎవరింట్లో కష్టం వచ్చినా వారం రోజులు వంట పంపే ఇళ్ళున్నాయి. ఎవరైనా ఇక్కడ కన్నుమూస్తే దేహాన్ని ఊరికి చేర్చడానికి ఒక్క రాత్రిలో చందాలు పోగవుతాయి. ఇవి గొప్ప పనులు. వీటి వల్లే మనమిక్కడ నిలిచాం. కాని ఇవన్నీ ట్యూబులు. మన కొలతకు సరిపోయే చక్రానికే వేస్తాం. పక్కింటి ముసలాయన మంచు తుడవలేక నిలబడితే, మనకెందుకులే, వాళ్ళ పద్ధతులు వేరు, ఏమనుకుంటారో అంటాం. పద్ధతులు వేరన్నది నిజమే. 559, 622 అంత నిజం. ట్యూబు మోయవద్దని నేను అనడం లేదు. తన కొలత ట్యూబు లేకుండా బయలుదేరినవాడు ఎవరికీ ఉపయోగపడడు. ట్యూబు పక్కనే ప్యాచీల డబ్బా కూడా ఉందని మరిచిపోవద్దంటున్నాను.

చివరికి నాకు తేలినదేమిటంటే, ఆ రోజు నాకు తక్కువైనది ట్యూబు కాదు, ప్యాచీ కాదు. తీరిక. ఏడింటి డ్యూటీకి సరిగ్గా సరిపోయేలా లెక్కవేసుకుని ఇంట్లోంచి బయలుదేరాను. నా దినమంతా ఆ కొత్త టైరులా బిగుతుగా ఉంది. బిగుతు చెడ్డది కాదు, బిగుతు లేకపోతే బండి నడవదు. మన వృత్తులన్నీ బిగుతు మీదే నిలిచాయి. కాని ఎక్కడో ఒక గాడి ఉండాలి, అవసరమైనప్పుడు కాస్త వదులు అక్కడినుంచి ఇవతలికి రావడానికి. నాకా గాడి లేదు. గాడి లేని చోట లీవరు పెట్టి ఎంత బలవంతం చేసినా మంచితనం ఎక్కదు, విరుగుతుంది.

అందుచేత మా నాయనమ్మ సామెతను ఇప్పుడిలా చదువుకుంటున్నాను. తనకు మాలిన ధర్మం చెడ్డ బేరమన్నది ధర్మం మానమని చెప్పిన మాట కాదు. ధర్మం తనకు మాలకుండా ఉండేటట్టు ముందుగానే అమర్చుకొమ్మని చెప్పిన మాట. ఆవిడ అన్నం వండేటప్పుడే ఇద్దరికి ఎక్కువ పోసేది గదా! వచ్చేవాళ్ళు ఎవరో తెలియకుండానే పోసేది. కనుకనే సామెత చెబుతూ అన్నం పెట్టగలిగేది. నేను ఆ రెండూ ఒకదానికొకటి విరుద్ధమనుకుని ముప్పై ఏళ్ళు నవ్వుకున్నాను.

ఇప్పుడు డ్యూటీ ఉన్న రోజు అరగంట ముందు బయలుదేరుతున్నాను. నెలకొకసారి గరాజులో కూర్చుని టైరు ఊడదీసి మళ్ళీ ఎక్కిస్తున్నాను, వేళ్ళు మరిచిపోకుండా. ఏప్రిల్‌లో ఆ పెద్దాయన ఇచ్చిన లీవరు సంచిలోనే ఉంది. ఇంతవరకు ఇద్దరికి ప్యాచీలు వేసిపెట్టాను. ఒకటి సరిగా అంటలేదు, ఆయన మళ్ళీ నడవవలసి వచ్చిందేమో తెలియదు.

వీటివల్ల ఆ అక్టోబరు బాకీ తీరిందని మాత్రం అనుకోవడం లేదు. పొద్దు వాలుతుండగా ఆ వంతెన కింద నాలుగైదు మైళ్ళు నడవవలసిన మనిషిని వదిలివచ్చాను. ముందుకు చెల్లించే బాకీలు కొన్ని ఉంటాయి. ఫలానావారికే చెల్లవలసినవీ కొన్ని ఉంటాయి. రెండో రకానికి నా దగ్గర ప్యాచీ లేదు. మీలో ఎవరికైనా తెలిస్తే వచ్చే సంచికకు రాయవలసిందిగా కోరుతున్నాను.